కొత్త ఐడియాలు అడిగితే చేతులెత్తేస్త, పద్ధతి చూపిస్తే తప్పు పోకుండ చేస్త. ఇట్లాంటోనికి ఏ చేతిపని మంచిది?

డిండి_గట్టు:

అన్నలకు, అక్కలకు నమస్తే. పోస్టు జర పొడుగుంటది, ఓపిక చేసుకొని చదవండ్రి.

మాది దేవరకొండ దిక్కు ఊరు. నాకు 24 ఏండ్లు. బీకాం కంప్యూటర్స్ అయిపోంగనే హైదరాబాద్ పోయి ఒక చిన్న డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసుల చేరిన, ఏడాదిన్నర చేసిన. పని కష్టమని కాదు, గంటలు ఎక్కువని కాదు, ప్రతి సోమవారం పొద్దుగాల మీటింగ్ ఉండేది, ఒక్కొక్కలు అయిదు కొత్త ఐడియాలు చెప్పాలె, చీరల షాపుకు రీలు, బిర్యానీ హోటల్‌కు క్యాప్షన్, గట్ల. ఆదివారం పొద్దుగూకంగనే నాకు కడుపుల తిప్పుడు మొదలయ్యేది. పక్కోళ్లు నోరు తెరిస్తే నాలుగు మాటలు వచ్చేటియి, నాకు ఒక్కటి రాకపోయేది. అదే ఆఫీసుల నెలాఖరుకు బిల్లులన్నీ ఎక్సెల్‌ల ఎక్కించి జీఎస్టీ సరిచూసే పని ఇస్తే రాత్రి పదైనా కూసొని రూపాయి తేడా లేకుండ అప్పజెప్పేటోన్ని. మార్చిల మేనేజర్ పిలిచి నీకు క్రియేటివిటీ లేదు తమ్మీ, ఈ ఫీల్డు నీకు పడదు అన్నడు. తిట్టలే, ఉన్న మాట చెప్పిండు. మానేసి ఇంటికొచ్చిన.

ఇంటికొచ్చినంక ఒకటి జరిగింది, అందుకే ఈ పోస్టు. ఏప్రిల్‌ల మా బోరు మోటారు కాలింది. చుట్టిచ్చుకొచ్చి మళ్ల దింపే ముందు మెకానిక్ అన్న కేబుల్ జాయింట్ వేస్తుంటే పక్కన కూసున్న. మూడు వైర్లను ఒక్క కాడ కొయ్యలే. ఒకటి పొట్టిగ, ఒకటి నడిమి రకం, ఒకటి పొడుగు, అవతలి కేబుల్‌ల దానికి ఉల్టా కోసిండు. అట్ల కోస్తే మూడు జాయింట్లు మెట్ల లెక్క పడతయి, ఒకదాని పక్కన ఒకటి రావు, రేపు ఒక టేపుల నీళ్లు దిగినా రెండు వైర్లు అంటుకోవన్నట్టు. రాగి మెరిసేదాక గీకి, మెలేసి, రబ్బరు టేపు సాగదీసి సగం మీద సగం ఎక్కేటట్టు చుట్టి, దాని మీద పీవీసీ టేపు. తెల్లారి మా చిన్నాయన బోరు కాడ అన్న టేపు నా చేతుల పెట్టి నువ్వు వెయ్యి అన్నడు. చూసింది చూసినట్టే వేసిన. బకెట్ నీళ్లల్ల ముంచి మెగ్గర్ (కరెంటు లీకైతుందా అని చూసే మీటర్) పెట్టి చూసి, ఏం ఇప్పక్కర్లే, దింపు అన్నడు. ఏడాదిన్నరల ఆఫీసుల ఒక్కనాడు గంత సంతోషం కాలే నాకు.

అప్పటిసంది ఒకటే ఆలోచన. ఎవలో కనిపెట్టిన పద్ధతి ఉండాలె, అది చేతులతోని చేసేదయి ఉండాలె, మంచిగ చేస్తే మంచిగ చేసినవని తెల్వాలె. గసొంటి పనులు ఏమేం ఉన్నయి మన దిక్కు? ఈ వయసుల ఐటీఐ చేయొచ్చునా, పదో తరగతి పోరగాళ్ల పక్కన కూసోవాల్సి వస్తదా? నాయన అయితే డిగ్రీ చదివించి పానలు పట్టిస్తమా అంటుండు. కోపంతోని కాదు, బాధతోని అంటుండు. ఆయనకేం చెప్పాల్నో కూడ తెలుస్తలేదు.

---

వాడపల్లి_లైన్:

తమ్మీ, నేను కరెంటు డిపార్ట్‌మెంట్ల చేస్త, మిర్యాలగూడ దిక్కు. జూనియర్ లైన్‌మన్‌గ చేరి ఇప్పుడు అసిస్టెంట్ లైన్‌మన్ అయిన. నీ పోస్టు చదువుతుంటే నా గురించే రాసినట్టు అనిపించింది, అందుకే పొడుగు రాస్తున్న.

మా పనిల కొత్త ఐడియా అక్కర్లేదు, అసలు రావొద్దు. 11 కేవీ లైన్ ఎక్కాలంటే ముందు ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, లైన్ ఆపినం పని చేసుకో అనే పర్మిషన్ తీసుకోవాలె. సబ్‌స్టేషన్‌ల ఆపరేటర్‌కు ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి పోయే లైన్) పేరు చెప్పి అడగాలె, ఆయన బ్రేకర్ ట్రిప్ చేసి, ఐసొలేటర్ ఇప్పి, రిజిస్టర్‌ల టైమ్, నీ పేరు రాసి ఎల్‌సీ ఇస్తడు. నువ్వు పని జాగకాడ ఏబీ స్విచ్ (పోల్ మీద లైన్‌ను ఇడగొట్టే స్విచ్) ఇప్పాలె, మూడు బ్లేడ్లు ఇడిపోయినయా అని కిందికెళ్లి కండ్లతోని చూడాలె, ఒక్కోపారి ఒక బ్లేడు అంటుకొనే ఉంటది. అటెన్క డిశ్చార్జ్ రాడ్ (లైన్‌ల ఉన్న కరెంటును భూమిలకు పంపే రాడ్), ముందు ఎర్త్ సైడ్ బిగించాలె, తర్వాతనే వైర్లకు తగిలియ్యాలె, తీసేటప్పుడు ఉల్టా. పని చేసే జాగకు రెండు పక్కల ఎర్త్ ఉండాలె. పని అయినంక ఎల్‌సీ తీసుకున్నోడే తిరిగి ఇయ్యాలె, వేరేటోడు ఫోన్ చేసి లైన్ ఇడువు అంటే ఆపరేటర్ ఇడవొద్దు. ఒక్కటే ఫీడర్ మీద రెండు బ్యాచులు పనిచేస్తుంటే రెండు ఎల్‌సీలు, రెండూ వాపస్ వస్తెనే ఛార్జింగ్.

నాది చేరిన రెండో ఏడు. వానాకాలం, గాలికి రెండు పోళ్ల నడిమి వైరు తెగి పడ్డది. ఎల్‌సీ తీసుకున్నం, ఏబీ స్విచ్ ఇప్పినం, లైన్ చచ్చిపోయి ఉంది అనుకున్నం. సీనియర్ అన్న రెండో పక్క ఎర్త్ వేసినంకనే ఎక్కు అని పట్టుబట్టిండు, నాకు అప్పుడు కొంచెం చిరాకయింది కూడ, మబ్బు పట్టింది, లేటయితుంది, ఊరంత ఫోన్లు చేస్తున్నరు. ఎర్త్ తగిలియ్యంగనే టప్పుమని మెరుపు. ఆ లైన్ మీద ఒక కాడ జనరేటర్ పెట్టుకున్నరు, చేంజోవర్ (లైన్ కరెంటు, జనరేటర్ కరెంటు కలవకుండ మార్చే స్విచ్) సక్కగ లేదు, వాళ్ల జనరేటర్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌ల నుంచి ఉల్టా పైకొచ్చి 11 కేవీ లైన్‌ల కూసుంది. ఆ రాడ్ లేకపోతే నేను ఇయ్యాల ఈ మెసేజ్ రాసేటోన్ని కాదు. రాత్రి ఇంటికి పోయినంక చేతులు వణుకుడు మొదలైంది, అన్నం ముద్ద పట్టుకోరాలే.

నీ అసొంటి మనిషి మాకు కావాలె. తెలివి ఎక్కువై నడిమిట్ల ఒక మెట్టు దుంకేటోనితోనే మాకు భయం.

చేరాలంటే పదో తరగతితోపాటు ఐటీఐల ఎలక్ట్రికల్ గానీ వైర్‌మన్ గానీ, లేకపోతే ఇంటర్ వొకేషనల్‌ల ఎలక్ట్రికల్ గానీ ఉండాలె, బీకాం పనికిరాదు. 2023ల ఎస్‌పీడీసీఎల్ (మన దిక్కు కరెంటు పంపిణీ కంపెనీ) 1553 జేఎల్‌ఎం, అంటే జూనియర్ లైన్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ వేసింది, రాత పరీక్ష ఒకటి, అది దాటినోళ్లకు పోల్ ఎక్కే పరీక్ష ఒకటి. అది చిన్నగ చూడకు, ఇంటి కాడ కాదు గానీ ఎవరన్న తెలిసినోళ్ల దగ్గర నేర్చుకో, ఖాళీ పోల్ మీదనే. నోటిఫికేషన్ ప్రతి ఏడు రాదు, దాని మీదనే కూసోకు. దామరచర్ల వీర్లపాలెంల యాదాద్రి థర్మల్ ప్లాంట్ ఉంది కదా, 800 మెగావాట్ల యూనిట్లు అయిదు, అట్లాంటి కాడ కాంట్రాక్ట్ కంపెనీల కింద ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్ పని ఉంటది. పర్మనెంట్ కాదు, కానీ చేతికి పని పడతది.

---

పాలమూరు_ల్యాబ్:

తమ్ముడూ, నేను మహబూబ్‌నగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని, తొమ్మిదేళ్ల నుంచి. మాది కూడా చేతిపనే, సూది పట్టుకోవడం నుంచి స్లైడ్ గీయడం దాకా.

రక్తం తీసేటప్పుడు ట్యూబులకు ఒక వరుస ఉంటుంది. ముందు లేత నీలం మూత, తర్వాత ఎరుపో పసుపో, తర్వాత ఆకుపచ్చ, దాని తర్వాత ఊదా, చివర బూడిద రంగు. కొత్తగా వచ్చినవాళ్లు రంగులు కంఠతా పట్టేస్తారు గానీ వరుస ఎందుకో అడగరు. ఊదా ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది, పొటాషియంతో కలిసిన ఉప్పు, రక్తంలో కాల్షియంను పట్టేసి గడ్డకట్టకుండా ఆపుతుంది. మా దగ్గర ఒకసారి కొత్తమ్మాయి ఎర్ర ట్యూబులో రక్తం తక్కువైందని ఊదా ట్యూబులోంచి కొంచెం అందులో వంచింది, పాపం సాయం చేద్దామనే చేసింది, పేషెంట్‌ను మళ్లీ గుచ్చడం ఎందుకని. రిజల్ట్ చూస్తే పొటాషియం ఆకాశంలో, కాల్షియం దాదాపు లేనట్టు. ఆ లెక్కలు నిజమైతే మనిషి ఐసీయూలో ఉండాలి, ఆయనేమో బయట బెంచీ మీద కూర్చొని చాయ్ తాగుతున్నాడు. రిపోర్ట్ ఆపి మళ్లీ తీశాం, మామూలుగానే వచ్చింది. అదే సాయంత్రం రద్దీలో డాక్టర్ గారి టేబుల్ దాకా పోయుంటే పొటాషియం తగ్గించే మందులు ఎక్కించేవాళ్లు. నాకు ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తుంది.

అందుకే మా పనిలో రోజూ పొద్దున పేషెంట్ శాంపిల్ కన్నా ముందు కంట్రోల్ (రిజల్ట్ ఎంత రావాలో ముందే తెలిసిన శాంపిల్) రన్ చేస్తాం, అది గీతల లోపల రాకపోతే మెషిన్ ఆపేస్తాం, బయట ముప్పై మంది నిలబడ్డా సరే. నీలాంటి స్వభావం ఉన్నవాళ్లకి ఈ పని చేతికి అతుక్కుంటుంది.

కానీ నీకు రెండు అడ్డంకులున్నాయి. డీఎంఎల్‌టీకి (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) ముందు బైపీసీ వాళ్లకే ప్రాధాన్యం, నీది కామర్స్. రెండోది నా సొంత అనుభవం, ఏజెంట్ మాట నమ్మి నేను మొదట ఒక కాలేజీలో ఫీజు కట్టాను, ఏడాది చదివాక తెలిసింది దానికి పారామెడికల్ బోర్డు గుర్తింపే లేదని. మా అమ్మ పుస్తెలతాడు కుదువపెట్టి కట్టిన డబ్బు అది. మళ్లీ మొదటి నుంచి వేరే దాంట్లో చేరాను. నువ్వు ఏ కోర్సు తీసుకున్నా సరే, ఫీజు కట్టే ముందు గుర్తింపు నువ్వే స్వయంగా చూసుకో.

నాన్నగారి గురించి రాశావు కదా. మా నాన్న కూడా ఒకరి రక్తం, ఒంటేలు ముట్టుకునే పని ఆడపిల్లకెందుకు అన్నారు. నేను వాదించలేదు. ఒకరోజు ఆయన షుగర్ టెస్టుకు వచ్చినప్పుడు నేనే తీశాను. నొప్పి తెలియలేదే అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

---

కీమ్యాన్_గద్వాల:

రైల్వే కూడ చూడు తమ్ముడు. ట్రాక్ మెయింటెయినర్ పోస్టు, పదో తరగతి చాలు, ఐటీఐ ఉన్నా తీసుకుంటరు, రాత పరీక్షతోపాటు బరువు మోసుడు, ఉరుకుడు పరీక్ష ఉంటది. నేను కీమ్యాన్‌గ చేస్తున్న. పొద్దుగాల సుత్తి, స్పానర్, ఎర్ర జెండా, డిటోనేటర్లు ఏసుకొని నా బీట్ అంత నడుస్త, పోయేటప్పుడు ఒక పట్టా చూసుకుంట, వచ్చేటప్పుడు రెండో పట్టా. క్లిప్ ఊడితే కొట్టుడు, ఫిష్‌ప్లేట్ (రెండు పట్టాలను కలిపే ఇనుప పలక) బోల్టు లూజైతే బిగిచ్చుడు. పట్టా ఇరిగింది కనబడితే ఏం చెయ్యాల్నో అచ్చుకొట్టినట్టు రాసి ఉంది, ముందు జెండా పట్టుకొని బండి వచ్చే దిక్కు ఉరకాలె, 600 మీటర్ల కాడ ఒక డిటోనేటర్, 1200 మీటర్ల కాడ పది పది మీటర్ల ఎడంతోని మూడు. దాని మీదికెళ్లి ఇంజన్ పోతే పేలుతయి, డ్రైవర్ ఆపుతడు. అప్పుడు ఆలోచించుకుంట కూసునే టైమ్ ఉండదు. ఎండ కష్టం, మేల మా దిక్కు ఎండ సంగతి నీకు చెప్పక్కర్లే. కానీ నెల జీతం, క్వార్టర్, పిల్లల చదువు.

---

పుట్టపాక_చిటికి:

అందరు ఉద్యోగాలు చెప్తున్నరు, నేను ఇంకో మాట చెప్త. మాది పుట్టపాక, చేనేత ఇల్లు. తమ్మీ, నువ్వు రాసిన ఒక్క మాట నాకు గుచ్చుకుంది, ఎవలో కనిపెట్టిన పద్ధతి అన్నవు. పద్ధతి పాతదే గానీ, అది చేసేటప్పుడు బుర్ర పండుకోదు.

మా కాడ గ్రాఫ్ కాయితం మీద డిజైన్ ఒకలు గీస్తరు, చిటికి కట్టేటోళ్లు దాన్ని చూసుకుంట దారం కట్టలకు రబ్బరు చుడతరు, కట్టిన కాడ రంగు ఎక్కదు, ఇప్పిన కాడ ఎక్కుతది. కట్టేటోడు డిజైన్ మార్చడు. కానీ రంగుల ముంచినప్పుడు ఏ బిగువు కడితే రంగు లోపలికి పాకదో ఆని ఏలికి తెలుస్తది, అది ఏ కాయితం మీద ఉండదు. తేలియా రుమాల్ (నూనె పట్టిన దారంతోని నేసే బట్ట) అయితే దారాన్ని నూనె, ఆముదం కాయల బూడిద నీళ్లల్ల దినాలకొద్ది నానబెట్టి పిసుకుడు, ఆ వాసన ఇంట్ల నుంచి పోదు. తేలియా రుమాల్‌కు 2020ల జీఐ గుర్తింపు వచ్చింది.

ఇంకొకటి. చీర నేసే ముందు ఆసు పొయ్యాలె, అర్ధ చంద్రం లెక్క మేకులున్న చట్రం మీద దారం అటూ ఇటూ తిప్పుడు, ఒక్క చీరకు 9000 సార్లు చెయ్యి పోయి రావాలె. మా అమ్మలు, అత్తలు అదే పనిచేసి భుజాలు పోగొట్టుకున్నరు. ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం గారు వాళ్ల అమ్మ భుజం నొప్పి చూడలేక ఏండ్లకేండ్లు కొట్లాడి 1999ల లక్ష్మి ఆసు యంత్రం చేసిండు, 2017ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. ఆయనకు ఆ ఆలోచన మీటింగుల కూసొని రాలే, పొద్దుందాక ఆసు ఎట్ల తిరుగుతదో చూసి చూసి వచ్చింది. నీకు ఐడియాలు రావని ఇప్పుడే సంతకం పెట్టకు, చేతి కింద పని లేనప్పుడు ఎవలికి వస్తయి.

కానీ నిజం చెప్తున్న, కొత్తగ మొదలుపెట్టి మగ్గం మీద బతకాలంటే కష్టం. మా పోరగాళ్లే చౌటుప్పల్ కంపెనీలకు పోతున్నరు. నువ్వు ఈ పనికి రా అని నేను పిలువలేను, అది చెప్తుంటే నాకు నొప్పయితది.

---

జడ్చర్ల_షిఫ్ట్:

పోలేపల్లి దిక్కు ఫార్మాల చేస్త. మా దగ్గర పని అంత బీఎంఆర్ (ఒక్కో బ్యాచ్ ఎట్ల చెయ్యాల్నో రాసి ఉండే రికార్డు) మీద, ఒక్కో మెట్టు చెయ్యాలె, టైమ్ రాయాలె, సంతకం పెట్టాలె, పక్కోడు చూసి ఇంకో సంతకం పెట్టాలె. రాయకపోతే చేయనట్టే లెక్క. తప్పు రాస్తే వైట్‌నర్ పెట్టొద్దు, ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తారీఖు. ఒక బ్యాచ్ పోయి ఇంకో బ్యాచ్ వచ్చే ముందు లైన్ క్లియరెన్స్, మెషిన్ కింద టార్చ్ లైట్ వేసి చూస్తం, పాత బ్యాచ్ గోలీ ఒక్కటి దొరికినా మొదలుపెట్టరు. ప్రొడక్షన్‌ల బీఎస్సీ కెమిస్ట్రీ, డిప్లొమా, ఐటీఐ అడుగుతరు. నీ బీకాం మీద వేర్‌హౌస్ ట్రై చెయ్యి, పసుపు లేబుల్ అంటే ఇంక టెస్టుల ఉంది, ఆకుపచ్చ అంటే పాస్, ఎరుపు అంటే రిజెక్ట్, ఎక్స్‌పైరీ ముందున్నది ముందు ఇయ్యాలె, గంతే, నువ్వు మంచిగ చేస్తవు. నైట్ షిఫ్టులు ఉంటయి, ఒంటికి చూసుకో. జాబ్ పెట్టిస్తమని పైసలడిగే కన్సల్టెన్సీలకు ఒక్క రూపాయి ఇయ్యకు.

---

డిండి_గట్టు:

ఇంతమంది ఇంత ఓపికతోని రాస్తరని అనుకోలే. లైన్ అన్నా, నీ మెరుపు సంగతి రెండుసార్లు చదివిన, ఇంట్ల నాయనకు కూడ చదివి వినిపించిన. ఏమనలే, ఆ సీనియర్ ఎవలో గానీ దేవుడు అన్నడు.

ల్యాబ్ అక్కా, కామర్స్ అడ్డమని చెప్పినందుకు మంచిదయింది, లేకపోతే నేను కూడ ఎక్కడనో ఫీజు కట్టేటోన్ని. కీమ్యాన్ అన్నా, రైల్వే పరీక్ష కూడ పక్కన రాస్త.

ఇప్పుడు నా మనసు ఎలక్ట్రికల్ దిక్కే పోతుంది. ఐటీఐ గురించి ఎవరన్న తెలిసినోళ్లు చెప్పండ్రి.

---

రిటైర్డ్_ట్రైనింగ్_ఆఫీసర్:

బాబూ, నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యాను. ఐటీఐలో చేరడానికి కింది వయసు 14, పైన వయసు పరిమితి లేదు. నా క్లాసులో 30 దాటినవాళ్లు కూడా కూర్చున్నారు, వాళ్లే ముందు బెంచీ. పిల్లలకి పని చూపిస్తే చేస్తారు, పెద్దవాళ్లకి పని ఎందుకో కూడా కావాలి, క్లాసుకి అది మంచిది. నీ పక్కన పదహారేళ్ల పిల్లవాడు ఉంటాడు, నీకంటే త్వరగా పోల్ ఎక్కుతాడు, నీకంటే ఆలస్యంగా డయాగ్రామ్ చదువుతాడు. నెల రోజుల్లో ఇద్దరూ స్నేహితులవుతారు.

ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, ఫిట్టర్, టర్నర్ రెండేళ్లు. వెల్డర్ ఒక ఏడాది. సీటు పదో తరగతి మార్కుల మీద వస్తుంది, డిగ్రీ మార్కులు చూడరు, కాబట్టి పదో తరగతి మెమో, టీసీ, కుల ధ్రువీకరణ పత్రం సిద్ధం చేసుకో. తర్వాత అప్రెంటిస్ చెయ్యి, 1961 చట్టం కింద స్టైపెండ్ ఇస్తారు, ఆ సర్టిఫికెట్ రైల్వేలో, జెన్‌కోలో పనికొస్తుంది. 65 ప్రభుత్వ ఐటీఐలను ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు) మార్చడం 2024లో మొదలైంది, అందులో రోబోటిక్స్, ఆటోమేషన్ లాంటి కొత్త కోర్సులు పెట్టారు. నీ స్వభావం చూస్తే పాత ట్రేడే పట్టుకో అంటాను, చేతికి పునాది పడ్డాక కొత్తది ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.

ఇంకో మాట. నీకేదో లోపం ఉన్నట్టు రాశావు, అది నాకు నచ్చలేదు. హాలండ్ అని అమెరికాలో ఒక సైకాలజిస్ట్, 1959లోనే మనుషుల పని ఇష్టాల గురించి సిద్ధాంతం రాశాడు, తర్వాత అది ఆరు రకాలుగా స్థిరపడింది. అందులో చేతులతో, పనిముట్లతో పని ఇష్టపడేవాళ్లు ఒక రకం, లెక్కా పద్ధతీ ప్రకారం చేసేవాళ్లు ఒక రకం, కొత్తవి ఊహించేవాళ్లు ఇంకో రకం. ఆరూ సమానమే, ఒకదాని కింద ఒకటి కాదు. నీది మొదటి రెండిటి కలయిక. నిన్ను తీసుకుపోయి మూడోవాళ్ల కుర్చీలో కూర్చోబెట్టారు, అంతే జరిగింది.

---

నకిరేకల్_వైండింగ్:

ఆలస్యంగ చూసిన, సీజన్ కదా. యాసంగి పంట నీళ్లకు వచ్చినప్పుడు మా షాపు కాడ మోటార్లు రోడ్డు దాకా పేరుస్తం, వానలు పడంగనే ఈగలు తోలుకుంట కూసుంటం, మా పని గట్లనే ఉంటది.

తమ్మీ, నువ్వు జాయింట్ గురించి రాసిన తీరు చూసే నేను రాస్తున్న. అది చూసినట్టు రాసిండ్రా ఈ పిలగాడు అనుకున్న. ఐటీఐ చెయ్యి, సారు చెప్పింది కరెక్టే, కానీ అడ్మిషన్లకు ఇంక టైమ్ ఉంది కదా, అప్పటిదాక ఖాళీగ ఉండకు.

మా పని చెప్త. కాలిన మోటారు రాంగనే రైతు తొందర చేస్తడు, పొలం ఎండుతుంది, పొద్దుగూకే వరకు కావాలె అంటడు. అయినా సరే వైర్ పీకే ముందు లెక్క రాసుకోవాలె. ఎన్ని స్లాట్లు (వైర్ కూసునే సందులు), సబ్‌మెర్సిబుల్‌ల మామూలుగ 24 ఉంటయి, ఏ స్లాట్‌ల పోయి ఏ స్లాట్‌ల వచ్చింది, కాయిల్‌కు ఎన్ని చుట్లు, వైర్ గేజ్ ఎంత, కనెక్షన్ ఎట్ల ఇచ్చిండ్రు. కంపెనీ ఎంత చుడితే గంతే చుట్టాలె. ఒక చుట్టు తక్కువైతే మోటారు లోడ్ ఎక్కువ గుంజి వేడెక్కుతది, ఎక్కువైతే దమ్ము తగ్గి నీళ్లు ఎత్తదు. నా కాడ లెక్కలు రాసిన నోట్‌బుక్కులు పదకొండు ఉన్నయి, మొదటిది మా మామ చేతి రాత, నూనె మరకలు, అయినా అక్షరం చెదరలే. ఇయ్యాల కూడ పాత మోటారు వస్తే అదే తీసి చూస్త.

నీళ్లల్ల మునిగే మోటారు కాబట్టి వైర్ మీద పాలీ (ప్లాస్టిక్ పొర) చుట్టి ఉంటది. స్లాట్ మూసినట్టు ఉంటది, పై నుంచి పెట్టరాదు, సూదిల దారం ఎక్కించినట్టు ఒక పక్క నుంచి దూర్చి ఇంకో పక్క గుంజాలె, మళ్ల వెనక్కి. గుంజేటప్పుడు స్లాట్ అంచుకు రాసుకుంటే పాలీ గీసుకపోతది, కంటికి కనబడదు, బోరుల దింపిన పదిరోజులకు నీళ్లు తాగి కాలిపోతది. అప్పుడు రైతు నా షాపు కాడికి రాడు, ఊరంత చెప్తడు. అందుకని గుంజే ముందు అంచులకు కాయితం గొట్టం పెడతం, ఎడమ చేతి వేలు వైర్ కింద ఉంచుకొని గుంజుతం, గీరుకుంటే ముందు వేలికి తెలుస్తది. చుట్టుడు అయినంక నీళ్ల తొట్టిల నానబెట్టి మెగ్గర్ పెడితేనే బిగిచ్చుడు.

మొదటి ఏడు చేతి ఖర్చులకే ఇయ్యగల్గుత, అది ముందే చెప్తున్న. రెండో ఏటి నుంచి మోటారుకింత అని. మా కాడ నేర్చుకున్నోళ్లు ఇద్దరు సొంతం పెట్టుకున్నరు, ఒకాయన కల్వకుర్తిల, ఒకాయన సూర్యాపేటల.

ఇంక నాయన మాట. డిగ్రీ వేస్ట్ అయిందనుకుంటుండు గదా. మాకు జీఎస్టీ బిల్లు రాసేటోడు లేక నేను నెలకు రెండు రోజులు షాపు బంద్ పెట్టి ఆడిటర్ కాడ కూసుంట. నువ్వు వస్తే ఆ పని కూడ నీదే, దానికి వేరే పైసలిస్త. నాయనను కూడ తోలుకొని రా, చాయ్ తాగి పోతడు, షాపు ఎట్లుందో చూస్తడు.

---

డిండి_గట్టు:

అన్నా, ఏం చెప్పాల్నో అర్థమైతలే. నాయనకు చూపిస్తే ఫోన్ తీసుకొని తానే మళ్ల చదివిండు. బుధవారం పోదాం, యూరియా కోసం ఎట్లనో అటే పోవాలె అన్నడు. ఇద్దరం వస్తం. మా దొడ్ల పాత మోటారు స్టాటర్ (లోపల వైర్ చుట్టి ఉండే భాగం) ఒకటి పడి ఉంది, కాలిపోయిందే, అయిదేండ్లయింది, తుప్పు పట్టింది కొంచెం. నేర్చుకోనీకి పనికొస్తదా, తేవాల్నా?

---

నకిరేకల్_వైండింగ్:

తే. పాడైంది మీదనే చెయ్యి కుదురుతది. ఇంటికాడ మాత్రం ఇప్పకు, వైర్ కొయ్యకు, చుట్లు లెక్కపెట్టుడే మొదటి పాఠం. నోట్‌బుక్ కొత్తది కొనుక్కొని రా, గీతలున్నది. తొమ్మిదింటికి షట్టర్ తీస్త.